బ్లో టార్చ్ వాడకం: కొనడం దగ్గర్నుంచి ఆర్పడం దాకా

మంటని ఒక్క చోటికి గట్టిగా చిమ్మే పనిముట్టు బ్లో టార్చ్. బెజవాడలో దాని పని చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఆదివారం పొద్దున మాంసం కొట్ల పక్కన మేక తలకాయలు, కాళ్లు కాల్చి ఇచ్చేవాళ్ల దగ్గర, ఆటోనగర్‌లో తుప్పు పట్టి కదలని నట్టు దగ్గర, ఏసీ బిగించేవాళ్లు రాగి పైపు అతికే చోట, వానకి కారే డాబా మీద తారు షీటు పరిచే చోట, అన్నిచోట్లా కనిపించేది ఈ పనిముట్టే. ఇప్పుడు చిన్న గ్యాస్ డబ్బాతో సహా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కాబట్టి ఇళ్లలోకి కూడా వచ్చేసింది. డబ్బా మీద నాలుగు బొమ్మలు ఉంటాయి, అవి చూసి వెలిగించడం వస్తుంది గానీ వాడటం రాదు. వాడటం అంటే ముఖ్యంగా రెండు చూపులు అలవాటు కావాలి: మంటలో అసలు వేడి ఏ చోట ఉందో చూడటం, ఆ వేడి వస్తువులోకి వెళ్లాక ఎటు పాకుతోందో చూడటం. మంట పెద్దది చేసుకుంటూ పోతే పని తొందరగా అవుతుందనుకునేవాళ్లే వస్తువునీ పాడుచేస్తారు, చేతులూ కాల్చుకుంటారు.

పేరు, కొట్లో అడిగే తీరు

బ్లో అంటే ఊదడం, టార్చ్ అంటే కాగడా. మొదట్లో నిజంగానే నోటితో ఊదేవాళ్లు. కంసాలి పనిలో దీపం మంట మీదికి సన్నని గొట్టంతో గాలి ఊది, ఆ మంటని ఒక్క చోటికి మళ్లించి బంగారం అతకడం చాలా పాత పద్ధతి. పందొమ్మిదో శతాబ్దంలో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ లాంటివాళ్లు ఖనిజాల్లో ఏముందో పరీక్షించడానికి కూడా ఇదే ఊదుగొట్టం వాడారు. తర్వాత ఊదే పని నోటి నుంచి పంపుకి మారింది. 1882లో స్వీడన్‌లోనే కార్ల్ రిచర్డ్ నైబెర్గ్ ఒక బ్లో ల్యాంప్ తయారు చేశాడు. ద్రవ ఇంధనం వేడి గొట్టంలో ఆవిరై, ఒత్తిడితో సన్నని రంధ్రంలోంచి తన్నుకుని బయటికొచ్చి మండుతుంది. 1892లో వచ్చిన ప్రైమస్ స్టవ్ కూడా ఇదే సూత్రం మీద పనిచేసింది, అంటే ఇంటికి గ్యాస్ రాకముందు మన వంటింట్లో గుయ్యిమని మోగిన కిరోసిన్ పంపు స్టవ్ దీనికి దగ్గరి చుట్టమే.

బ్రిటిష్ వాళ్లు దీన్ని బ్లో ల్యాంప్ అంటారు, అమెరికా వాళ్లు బ్లో టార్చ్ అంటారు. కొట్లో ఉత్తి టార్చ్ అని అడిగితే టార్చిలైటు చూపిస్తారు. పాత రకం, అంటే ఇత్తడి ట్యాంకు, పంపు ఉన్నది కావాలంటే బ్లో ల్యాంప్ అనండి. గ్యాస్‌తో నడిచేది కావాలంటే గ్యాస్ టార్చ్ అనో, ఫ్లేమ్ గన్ అనో అడగండి. ఏం పనికో కూడా చెప్తే ఇంకా మంచిది, ఎందుకంటే డాబా మీద తారు షీటు కాల్చే గన్నూ, వంటింట్లో వాడే గన్నూ ఒకే పేరుతో అమ్ముతారు.

లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకపోతే ముందు ముందు వచ్చే ఇబ్బందులు ఒక్కటీ అర్థం కావు కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. గ్యాస్ జెట్ అనే అతి సన్నని రంధ్రంలోంచి వేగంగా దూసుకొస్తుంది. ఆ వేగానికి గొట్టం పక్కనున్న బెజ్జాల్లోంచి బయటి గాలి లోపలికి లాక్కోబడుతుంది. గాలీ గ్యాసూ గొట్టంలోనే కలిసిపోయి, మూతి దగ్గర మండుతాయి. కలవడం ముందే జరిగిపోయింది కాబట్టి మంట నీలంగా, పొగ లేకుండా, గట్టిగా వస్తుంది. కొవ్వొత్తికి ఈ వసతి లేదు, అందుకే దాని మంట పసుపుపచ్చగా ఉండి మసి పెడుతుంది.

ప్రొపేన్ గాలితో కలిసి మండితే లెక్క ప్రకారం 1,980 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది, బ్యూటేన్ కూడా దాదాపు అంతే. పనిలో అంత దొరకదు, చాలా వేడి చుట్టుపక్కల గాలిలోకి పోతుంది. వెల్డింగ్ వాళ్ల ఆక్సిజన్, ఎసిటిలిన్ మంట 3,000 డిగ్రీలు దాటుతుంది. అందుకే దానితో ఇనుమునే కరిగించి అతుకుతారు, మన టార్చ్‌తో ఆ పని కాదు, ప్రయత్నించొద్దు. మన టార్చ్ కాల్చడానికి, వేడి చేసి వదులు చేయడానికి, టంకం పెట్టడానికి, సన్నని రాగి పైపుల బ్రేజింగ్‌కి, అంటే టంకం కంటే ఎక్కువ వేడిలో కరిగే లోహంతో అతకడానికి.

ఏది కొనాలి

ఇంటి పనికి 220 గ్రాముల చుట్టూ బ్యూటేన్ ఉండే డబ్బా, దాని మీద తిప్పి బిగించే టార్చ్ హెడ్ చాలు. హెడ్ కొనేటప్పుడు మూడు చూడండి. నాబ్ మెత్తగా తిరగాలి, మంటని సన్నగా చేసినా ఆరిపోకూడదు. గాలి బెజ్జాల దగ్గర తిప్పే రింగు ఉంటే మేలు. డబ్బాకి తగిలే చోట రబ్బరు వాషరు పగుళ్లు లేకుండా ఉండాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం.

డబ్బా వంచితే ఏమవుతుందో కూడా అడగండి. డబ్బాలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది. తలకిందులు చేస్తే ఆవిరికి బదులు ద్రవమే జెట్‌లోకి వచ్చి, చిన్న నీలి మంట అమాంతం పెద్ద పచ్చ మంట అవుతుంది. కొన్ని హెడ్లలో గ్యాస్‌ని ముందే వేడి చేసే చిన్న గొట్టం ఉంటుంది, అవి ఎటు వంచినా నిలకడగా మండుతాయి, అయితే వాటిని కూడా వెలిగించాక రెండు నిమిషాలు నిలువుగా పట్టుకుని వేడెక్కనివ్వాలి.

డాబా వాటర్‌ప్రూఫింగ్ లాంటి పెద్ద పనికి పొడుగు చేతి గన్ను, హైప్రెషర్ రెగ్యులేటర్, దానికి తగిన పైపు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ వాడతారు. వంటింటి 14.2 కిలోల సిలిండర్ ఇలాంటి పనులకి తీసుకెళ్లడం చట్టప్రకారం తప్పు. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి ఈ గన్నుకి సరిపోదు. అంతకంటే ప్రమాదం దీనికి తిరగేసి చేయడం, అంటే హైప్రెషర్ రెగ్యులేటర్‌ని ఇంటి పొయ్యికి తగిలించడం.

ఖాళీ అయిన చిన్న డబ్బాల్లోకి ఇంటి సిలిండర్ నుంచి గ్యాస్ ఎక్కించి అమ్మేవాళ్ల దగ్గర ఎంత చవకైనా కొనకండి. ఆ పల్చని డబ్బా బ్యూటేన్ ఒత్తిడికి తగ్గట్టు చేసింది. ఇంటి గ్యాస్‌లో ప్రొపేన్ కూడా ఉంటుంది. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గర మరిగితే ప్రొపేన్ మైనస్ 42 దగ్గరే మరుగుతుంది, కాబట్టి ఒకే ఎండలో ప్రొపేన్ ఒత్తిడి చాలా ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు, ఆ ఎండలో ఈ డబ్బా సంగతి ఆలోచించండి.

పాత బ్లో ల్యాంప్ ఇంట్లో ఉంటే దాని గురించి ఒక్క మాట. ట్యాంకు ముప్పావు వంతు మించి నింపొద్దు, వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పొద్దు, కిరోసిన్ దానిలో పెట్రోలు పోయొద్దు. కొత్తగా కొనేవాళ్లకి నేనైతే గ్యాస్‌దే చెప్తాను, కిరోసిన్ దొరకడమే కష్టంగా ఉంది, పైగా తినే వస్తువు కాలిస్తే వాసన పట్టేస్తుంది.

పని చోటు

ఆరుబయట, గాలి ఆడే చోట, కానీ ఎదురుగాలి లేని చోట చేయండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పాకి పల్లంలో చేరుతుంది. మన అపార్ట్‌మెంట్లలో సెల్లార్ పార్కింగ్, నీళ్ల సంపు, డ్రైనేజీ మ్యాన్‌హోల్ ఇవన్నీ అలాంటి పల్లాలే. సెల్లార్‌లో బైకు నట్టు వేడి చేద్దామని కూర్చోవద్దు, రోడ్డు మట్టానికి పైకి తెచ్చి చేయండి. మూసిన గదిలో అయితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా చేరుతుంది, దానికి వాసన ఉండదు.

కింద ఏం పెట్టి కాల్చాలన్నది చాలామంది పట్టించుకోరు. సిమెంటు గచ్చు మీద, కడప బండ మీద పెట్టి ఎర్రగా కాలిస్తే లోపలి తేమ ఆవిరై పెచ్చులు ఎగిరి కంట్లో పడతాయి. ఫైర్ బ్రిక్స్, అంటే వేడికి పగలని ఇటుకలు, రెండు కొని ఉంచుకోండి, అవి ఏళ్ల తరబడి వస్తాయి.

బట్టలు నూలువే వేసుకోండి. పాలిస్టర్ చొక్కా కాలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. లుంగీతో, చున్నీతో, హవాయి చెప్పులతో ఈ పని వద్దు. కళ్లద్దాలు, తోలు గ్లోవ్స్, పక్కనే బకెట్ నీళ్లు, వీలైతే డ్రై పౌడర్ ఉన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. చేతికి శానిటైజర్ రాసుకుని ఉంటే కడుక్కుని, ఆరాకే మొదలుపెట్టండి.

వెలిగించడం

ముందు నాబ్ పూర్తిగా మూసి ఉందో లేదో చూసుకుని హెడ్‌ని డబ్బాకి బిగించండి. అతుకు దగ్గర సబ్బు నురగ రాయండి. బుడగలు వస్తే విప్పి వాషరు చూడాలి. అగ్గిపుల్ల పెట్టి లీకు వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని ఎవరు చేస్తున్నా ఆపించండి.

మూతి మనుషులకి, గోడకి, కర్టెన్‌కి దూరంగా తిప్పి, నాబ్ కొద్దిగా, బుస్సుమని సన్నగా వినిపించేంత మాత్రమే తెరవండి. హెడ్‌కి బటన్ ఉంటే నొక్కండి, లేకపోతే పొయ్యి వెలిగించే లైటర్‌ని మూతికి పక్క నుంచి పెట్టండి. రెండు మూడు సార్లకి అంటుకోకపోతే మూసేసి, ఒక నిమిషం ఆగి, పోగైన గ్యాస్ చెదిరాక మళ్లీ వెలిగించండి. గ్యాస్ తెరిచిపెట్టి లైటర్ కోసం వెతకడం వల్లే మొహాలు కాలుతున్నాయి.

మిట్టమధ్యాహ్నం డాబా మీద పనిచేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఎండలో నీలి మంట కంటికి కనపడదు. ఆరిపోయిందనుకుని పక్కన పెట్టేస్తారు, దాటబోయి కాలు పెడతారు. చప్పుడు విని నిర్ధారించుకోండి, వీలైతే నీడ పట్టున గానీ పొద్దున్నే గానీ చేయండి.

మంటని చదవడం

బాగా కుదిరిన మంటలో రెండు భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి. మూతి దగ్గర ముదురు నీలం మొన ఒకటి, దాని చుట్టూ లేత నీలంగా పొడుగ్గా సాగిన పెద్ద మంట ఒకటి. మొన లోపల గ్యాస్ ఇంకా మండలేదు, అక్కడ వేడి తక్కువ. అన్నిటికంటే వేడి చోటు ఆ మొన చివర దాటగానే ఉంటుంది. వస్తువుని మూతికి ఆనించి పెడితే మొన లోపలికి దూరినట్టే, ఎంతసేపు పెట్టినా వేడెక్కదు, పైగా మంట చెదిరి మసి పడుతుంది. కొద్దిగా వెనక్కి లాగి మొన చివర వస్తువుకి తాకీ తాకనట్టు ఉంచండి. బాగా వేడి కావాలంటే అక్కడ, మెల్లగా అంతటా కాగాలంటే ఇంకా వెనక్కి.

మంట పచ్చగా ఊగుతుంటే గాలి చాలడం లేదు. బెజ్జాల్లో దుమ్ము గానీ, వాడకుండా పడేసి ఉంటే పురుగు పెట్టిన మట్టి గూడు గానీ ఉంటుంది, దులపండి. మంట మూతిని వదిలి దూరంగా ఎగిరెగిరి మండుతుంటే ఒత్తిడి ఎక్కువైంది, నాబ్ తగ్గించండి. టప్పుమని శబ్దం వచ్చి మంట గొట్టం లోపలికి పోయి ఈల వేస్తుంటే వెంటనే మూసేయాలి. గ్యాస్ మరీ తక్కువైనప్పుడు, మూతి బాగా కాగినప్పుడు ఇలా అవుతుంది. చల్లారనిచ్చి, ఈసారి కాస్త ఎక్కువ గ్యాస్‌తో వెలిగించండి. జెట్ మూసుకుపోతే సూది పెట్టి పొడవకండి, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మంట లెక్క అంతా మారిపోతుంది. కొత్త జెట్ వేసుకోవడమే.

చాలాసేపు వాడితే డబ్బా చల్లబడి మంట నీరసిస్తుంది. ద్రవం ఆవిరయ్యేటప్పుడు డబ్బాలోని వేడిని తీసుకుంటుంది, అందుకే పైన నీటి చెమట కూడా పడుతుంది. డబ్బాని ఎండలో పెట్టడం, వేడినీళ్లలో ముంచడం వద్దు. కాసేపు ఆపితే దానంతటదే కోలుకుంటుంది.

మొదటి పని: తలకాయ, కాళ్లు, నాటుకోడి

నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పని లేదు, ఎందుకంటే వేడి ఎంత తగిలిందో కంటికీ ముక్కుకీ వెంటనే తెలుస్తుంది. ముందు కడిగి, పొడిగుడ్డతో బాగా తుడవండి. తడి ఉంటే మంట వేడంతా నీళ్లని ఆవిరి చేయడానికే పోతుంది, చర్మం ఉడికి మెత్తబడుతుందే గానీ బొచ్చు కాలదు. ఇనప జల్లెడ మీద పెట్టి, మంటని ఒక చోట ఆపకుండా తిప్పుతూ ముందు బొచ్చు కాల్చండి. కత్తితో గీకి, మళ్లీ ఒకసారి కాల్చండి. చెవుల లోపల, మూతి మడతల్లో, కాలి వేళ్ల సందుల్లో మంట సన్నగా చేసి పట్టండి, అక్కడే బొచ్చు మిగిలిపోతుంది. గిట్టల మీద కాస్త ఎక్కువసేపు పట్టి, వేడిగా ఉండగానే పట్టకారుతో లాగితే ఊడొస్తాయి. నాటుకోడి అయితే ఈకలు పీకాక నూగు మాత్రం కాల్చి, పసుపు రాసి, మళ్లీ పైపైన ఒక చుట్టు కాలిస్తే ఆ వాసనే వేరు, కూరలో తెలిసిపోతుంది.

రంగు బంగారు గోధుమ నుంచి ముదురు గోధుమకి రావాలి. బొగ్గులా నల్లగా మాడిన చోటు చేదు వస్తుంది, ఎంత గీకినా పోదు. మంట పచ్చగా ఉంటే తిండి మీద అసలు పెట్టొద్దు, మసి, మండని గ్యాస్ వాసన రెండూ పడతాయి. వంకాయ పచ్చడికి వంకాయ కాల్చడానికి మాత్రం టార్చ్ కంటే పొయ్యి మంటో నిప్పులో మేలు. టార్చ్‌తో తొక్క మాడిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

తుప్పు పట్టిన నట్టు

ఇక్కడ సూత్రం వ్యాకోచం. వేడెక్కిన ఇనుము పెరుగుతుంది, కాబట్టి బయట ఉన్న నట్టు పెరిగి, లోపలి బోల్టు పెరగకుండా ఉంటే మధ్యలో తుప్పు పగిలి వదులవుతుంది. అందుకని మంట నట్టు మీదే తిప్పండి, బోల్టు మీద పెట్టారంటే అదీ ఉబ్బి ఇంకా బిగుస్తుంది. తొందరగా, పెద్ద మంటతో, నట్టు ఆరు పలకలూ కాగేలా చేయాలి. మెల్లగా వేడి చేస్తే బోల్టుకి కూడా పాకే సమయం ఇచ్చినట్టవుతుంది. స్పానరుతో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపండి. ఒకసారికి రాకపోతే చల్లారనిచ్చి మళ్లీ వేడి చేయండి, ఆ వేడి చల్లదనాల మార్పే సగం పని చేస్తుంది. నూనె వేస్తే చల్లారాకే వేయాలి, వేడి మీద వేస్తే భగ్గుమంటుంది.

ఎర్రబడేదాకా కాలిస్తే గట్టి రకం బోల్టుల బలం పోతుంది, అలా ఊడదీసినదాన్ని మళ్లీ బిగించకుండా కొత్తది వేయండి. తెల్లగా జింకు పూత ఉన్న నట్టు కాలిస్తే తెల్లని పొగ వస్తుంది, అది పీల్చితే రాత్రికి చలిజ్వరం వస్తుంది. ఆ పొగకి ఎదురుగా కూర్చోవద్దు.

కొన్నిటి జోలికి టార్చ్ తీసుకుని అసలు వెళ్లకూడదు. పెట్రోలు ట్యాంకు, ఖాళీదైనా సరే, ఖాళీ దానిలో మిగిలిన ఆవిరే నిండు ట్యాంకు కంటే ప్రమాదం. షాక్ అబ్జార్బర్, బ్రేక్ పైపు, మూతి మూసి ఉన్న ఏ డ్రమ్మైనా. టైరు ఎక్కించి ఉన్న చక్రం రిమ్ము కూడా ఇందులోదే. రిమ్ము కాగితే లోపల రబ్బరు వేడికి విడిపోయి ఆవిరై టైరు బాంబులా పేలుతుంది. లారీ చక్రాల దగ్గర పనిచేసే కుర్రాళ్లకి ఈ ఒక్క మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

టంకం, బ్రేజింగ్

450 డిగ్రీల లోపు కరిగే లోహంతో అతికితే టంకం, అంతకు పైన కరిగేదానితో అతికితే బ్రేజింగ్. సీసం, తగరం కలిసిన మామూలు టంకం తీగ 190 డిగ్రీలలోపే కరుగుతుంది, సీసం లేనిది 220, 230 దగ్గర. బ్రేజింగ్ రాడ్లు 600 నుంచి 800 డిగ్రీలు అడుగుతాయి. రాగి 1,085 దగ్గర కరుగుతుంది కాబట్టి మనకి చోటు ఉంది. అల్యూమినియం 660 దగ్గరే, అదీ ముందు ఎర్రబడి హెచ్చరించకుండా, ఉన్నట్టుండి కుప్పకూలుతుంది, కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

పాత రాగి బిందె అతుకు దగ్గర కారుతోందనుకోండి. ఆ చోటుని ఎమెరీ కాగితంతో రాగి మెరిసేదాకా రుద్దండి. మురికి, పచ్చని చిలుము కొంచెం ఉన్నా టంకం ముత్యాలై జారిపోతుంది. ఫ్లక్స్ పల్చగా రాయండి. పాతకాలంలో కళాయివాళ్లు నవాసాగరం వాడింది ఇందుకే, కంసాలులు వెలిగారం వాడేది కూడా ఇందుకే: వేడికి లోహం మీద పుట్టే ఆక్సైడ్ పొరని తినేసి అతుకుని శుభ్రంగా ఉంచడం. ఇప్పుడు మంటని అతుకు చుట్టూ రెండు అంగుళాల మేర తిప్పుతూ బిందెని వేడి చేయండి. టంకం తీగని మంటలో పెట్టొద్దు. ఫ్లక్స్ బుసబుసమని మెరుస్తున్నప్పుడు మంట పక్కకి తీసి, తీగని లోహానికి ఆనించండి. లోహమే దాన్ని కరిగించాలి. సరైన వేడిలో ఉంటే టంకం సందులోకి తనంతట తనే పాకుతుంది, సందు ఎంత సన్నగా ఉంటే అంత బాగా లాక్కుంటుంది. కరగకపోతే ఇంకొంచెం వేడి. ఫ్లక్స్ మాడి నల్లబడితే ఆగిపోయి, చల్లార్చి, మొదటి నుంచి రుద్దుకోవాలి, వేరే దారి లేదు. చల్లారేదాకా కదపొద్దు, నీళ్లు చల్లొద్దు. తర్వాత తడిగుడ్డతో మిగిలిన ఫ్లక్స్ తుడిచి, కడిగేయండి.

తాగే నీళ్ల బిందెకి సీసం ఉన్న టంకం వాడొద్దు. కళాయి పూసిన ఇత్తడి గిన్నె అయితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి, కళాయి అంటే తగరం, అది 232 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. బయట టంకం పెడుతుంటే లోపల ఆ మేర కళాయి జారిపోతుంది కాబట్టి తర్వాత కళాయి మళ్లీ వేయించాల్సిందే.

ఏసీ పైపు బ్రేజింగ్ ఇంట్లో నేర్చుకునే పని కాదు, కానీ మీ ఇంటికొచ్చి చేస్తున్నప్పుడు ఏం గమనించాలో తెలిసి ఉండాలి. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 మంటకి అంటుకునే గుణమున్న గ్యాసు, ఫ్రిజ్జుల్లో ఆర్-600ఏ ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. పైపులో గ్యాస్ ఉండగా టార్చ్ పెట్టకూడదు. బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ పైపు లోపల నైట్రోజన్ సన్నగా పోతుండాలి, లేకపోతే లోపలి గోడలకి నల్లని పొలుసు కట్టి, అది ఊడి కంప్రెసర్‌కి చేరుతుంది. వాల్వ్ చుట్టూ తడిగుడ్డ చుట్టాలి. లీకు పరీక్ష నైట్రోజన్‌తోనే, ఆక్సిజన్‌తో ఎక్కిస్తే లోపలి ఆయిల్‌తో కలిసి పేలుతుంది. ఇవన్నీ చేసే మెకానిక్‌కి నాలుగొందలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

రాగికి రాగి అతికేటప్పుడు భాస్వరం కలిసిన రాగి రాడ్డు వాడితే ఫ్లక్స్ అక్కర్లేదు, భాస్వరమే ఆ పని చేస్తుంది. అదే రాడ్డుని ఇనుముకి వాడితే అతుకు పెళుసుగా మారి చిట్లిపోతుంది, ఇనుముకి వెండి రాడ్డు, ఫ్లక్స్ కావాలి, ఇత్తడికైనా ఫ్లక్స్ తప్పదు.

డాబా తారు షీటు

పనివాళ్లతో చేయించుకునేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. స్లాబు ఎండి ఉండాలి. కింద కొట్టిన ప్రైమర్ పూర్తిగా ఆరాకే మంట తేవాలి, తడి ప్రైమర్ పెట్రోలులా అంటుకుంటుంది. షీటు చుట్ట విప్పుకుంటూ అడుగు వైపు ప్లాస్టిక్ పొర కరిగి తారు మెరిసేదాకా కాల్చి వెంటనే నొక్కాలి. పక్క అతుకు 10 సెంటీమీటర్లు, చివరి అతుకు 15 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పడాలి, అంచున తారు సన్నని గీతగా బయటికి పొంగితే అతుకు కుదిరినట్టు. పొంగని చోట వచ్చే తుపానుకి నీళ్లు దూరతాయి, అప్పుడే చూపించి మళ్లీ కాల్పించండి. సిలిండర్ నిలువుగా, మంటకి దూరంగా ఉండాలి. పని అయ్యాక గంటసేపు ఎవరో ఒకరు డాబా మీదే ఉండి, తలుపు చెక్కలో, పాత గోనెల్లో, ఎండుటాకుల్లో ఎక్కడైనా నిప్పు రాజుకుంటోందేమో చూడాలి.

ఆర్పడం, దాచడం

పైపుతో నడిచే గన్ను అయితే ముందు సిలిండర్ దగ్గర మూయండి, పైపులో మిగిలిన గ్యాస్ మండి మంట తనంతట ఆరాక గన్ను నాబ్ మూయండి. చిన్న డబ్బాదైతే నాబ్ మూసి, మూతి చల్లారాక, ఆరుబయటే హెడ్ విప్పండి. ఆరిన మూతి చాలాసేపు కాలుతూనే ఉంటుంది, కానీ చూడటానికి మామూలుగా కనిపిస్తుంది, పిల్లలకి అందని చోట ఫైర్ బ్రిక్ మీద పెట్టండి.

డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే నెలలో నీడలోనే 45 దాటే ఊరు మనది, ఎండలో అద్దాలు మూసి ఆపిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. కొన్న డబ్బాని కారులో మరిచిపోకండి, బైకు డిక్కీలో పెట్టుకుని తిరగకండి, రేకుల షెడ్డులో, పొయ్యి పక్కన, డాబా మీద ట్యాంకు కింద దాచకండి. ఇంట్లో చల్లగా గాలి ఆడే మూల, హెడ్ విప్పేసి, మూత పెట్టి ఉంచండి. ఖాళీ డబ్బాని కాగితాలతో కలిపి తగలబెట్టే అలవాటు ఎక్కడైనా ఉంటే మాన్పించండి.

చేయి కాలితే పారే మామూలు నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, ఇంకు ఏదీ రాయొద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. బొబ్బ అరచేతికంటే పెద్దదైనా, మొహం మీదైనా, చర్మం తెల్లగా మొద్దుబారినా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఇంటి సిలిండర్ గ్యాస్ లీకైతే 1906, మంటలు అంటుకుంటే 101 గానీ 112 గానీ. ఈ మూడు నంబర్లూ టార్చ్ పెట్టే డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టుకోండి.